కోడ్ స్టైల్, లాంగ్వేజ్ పేచీలు తెంచుకోవడం ఎలా: టీమ్ ప్రాజెక్టుకి స్టెప్ బై స్టెప్ గైడ్

నలుగురు కలిసి ఒకే రెపోలో (ప్రాజెక్ట్ కోడంతా ఉంచే చోటు) కోడ్ రాయడం మొదలెట్టారంటే మొదటి వారంలోనే రెండు పేచీలు వస్తాయి. ఒకటి కోడ్ ఎలా కనబడాలి అన్నది, అంటే ట్యాబా స్పేసా, బ్రేస్ ఇదే లైన్లోనా కింద లైన్లోనా, లైన్ 80 దగ్గర విరగాలా 120 దాకా పోనివ్వాలా. రెండోది అసలు ఏ లాంగ్వేజ్‌లో రాయాలి అన్నది. చూడ్డానికి రెండూ ఒకే జాతి గొడవల్లా ఉంటాయి గానీ కాదు. మొదటిదాంట్లో ఏది తీసుకున్నా కొంపలేం మునగవు, రెండోదాంట్లో తప్పు తీసుకుంటే ఏళ్ల తరబడి మోయాలి. విచిత్రమేంటంటే చాలా టీములు మొదటిదానికి మూడు మీటింగులు పెట్టుకుని, రెండోదాన్ని మాత్రం ఎవరో సీనియర్ "రస్ట్‌లో చేసేద్దాం బ్రో" అన్నాడని అయిదు నిమిషాల్లో తేల్చేస్తాయి. దాన్ని తిరగెయ్యమనే ఈ గైడ్. స్టైల్ సంగతి మెషీన్‌కి అప్పజెప్పి దాని గురించి మాట్లాడ్డం మానేయండి, మిగిలిన ఓపికంతా లాంగ్వేజ్ మీదా, పేర్ల మీదా పెట్టండి.

చెప్పడానికి వీలుగా ఒక ప్రాజెక్ట్ అనుకుందాం. రైతులు తమ పొలం రికార్డు వివరాలు దాచుకునే చిన్న యాప్, ఆరుగురు చేస్తున్నారు, కొందరు హైదరాబాద్‌లో, కొందరు విజయవాడలో, ఇద్దరు డల్లాస్‌లో. వీళ్లకి పగలైతే వాళ్లకి రాత్రి, అందరూ ఒకేసారి మాట్లాడుకునేది వారానికి ఒక గంట. ఆ గంటని సెమీకోలన్లకి తగలేయకూడదన్నదే మన లక్ష్యం.

స్టెప్ 1: ఎవరు తేలుస్తారో ముందు తేల్చుకోండి

ఇది అందరూ వదిలేసే స్టెప్. ట్యాబా స్పేసా అని గ్రూపులో పోల్ పెడతారు, మూడు మూడు వస్తాయి, ఇంక అక్కడే ఆగిపోతుంది. పోల్ వద్దు. ఒక్కో విషయానికి ఒక్కో మనిషిని పెట్టండి: పైథాన్ కోడ్ స్టైల్ ఫలానా ఆవిడది, ఫ్రంటెండ్ ఫలానా అతనిది, కొత్త లాంగ్వేజ్ తేవాలంటే ఇద్దరు సీనియర్లూ సరే అనాలి. ప్రపోజల్ రాతలో పెట్టాలి, అభ్యంతరాలకి మూడు పనిదినాలు టైమ్, ఆ తర్వాత ఆ మనిషి చెప్పిందే ఫైనల్.

అభ్యంతరం అంటే ఏంటో కూడా ముందే చెప్పుకోవాలి. "నాకు నచ్చలేదు" అనేది అభ్యంతరం కాదు, "దీనివల్ల ఫలానాది విరిగిపోతుంది" అనేది అభ్యంతరం. ఇంటర్నెట్ ప్రోటోకాల్స్ తయారుచేసే ఐఈటీఎఫ్‌లో పద్ధతి ఇదే, అక్కడ ఓట్లు లెక్కపెట్టరు, లేచిన ప్రతి టెక్నికల్ అభ్యంతరానికీ జవాబు దొరికిందా లేదా అని చూస్తారు, 2014లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 7282 అనే డాక్యుమెంట్‌లో దీన్ని విడమర్చి రాశారు కూడా. ఆరుగురి టీముకి ఇదంతా ఎక్కువ అనిపిస్తుంది గానీ అందులోంచి తీసుకోవాల్సింది ఒక్క ప్రశ్నే: "ఇది మీకు ఇష్టమా" అని అడక్కండి, "దీంతో మీరు పని చేసుకోలేరా" అని అడగండి. జవాబులు ఎలా మారిపోతాయో మీరే చూస్తారు.

తేల్చే మనిషి ఒక్కడే అయినా కష్టమే అనుకోండి. గీడో వాన్ రాసమ్ పైథాన్ మొదలైనప్పటి నుంచీ తుదిమాట చెప్పేవాడు. 2018లో పెప్ 572 అని (పైథాన్‌లో మార్పుల ప్రతిపాదనని పెప్ అంటారు), కోలన్ పక్కన ఈక్వల్స్ పెట్టి రాసే ఒక చిన్న ఆపరేటర్ కావాలా వద్దా అన్నదాని మీద జనం ఎంత కొట్టుకున్నారంటే, దాన్ని ఆమోదించాక ఆ జులైలో ఆయన ఆ బాధ్యత నుంచే తప్పుకున్నాడు. తర్వాత 2019లో అయిదుగురితో స్టీరింగ్ కౌన్సిల్ వచ్చింది. భాష పుట్టించిన మనిషికే విసుగొచ్చేసింది, మన టీమ్ లీడ్ ఎంత చెప్పండి. అందుకే బాధ్యత పంచండి.

స్టెప్ 2: లాంగ్వేజ్ సంగతి

పాత రెపో ఉంటే సగం ప్రశ్న తేలిపోయినట్టే, ఇప్పటికే ఉన్న లాంగ్వేజ్‌లోనే రాయండి, మార్చాలనుకునేవాళ్లే కారణం చూపించాలి. కొత్త ప్రాజెక్ట్ అయితేనే అసలు చర్చ. అక్కడ "ఏ లాంగ్వేజ్ బెస్ట్" అన్న ప్రశ్నతో మొదలెడితే తెల్లారిపోతుంది గానీ జవాబు రాదు. వేరే ప్రశ్నలు అడగండి. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే లేచేది ఎవరు, వాళ్లకి ఏది చదవడం వచ్చు? ఈ లాంగ్వేజ్‌లో బగ్ సొంతంగా ఫిక్స్ చెయ్యగలిగినవాళ్లు కనీసం ఇద్దరున్నారా, లేక ఒక్కడే ఉండి అతను పెళ్లికి పది రోజులు లీవ్ పెడితే పని ఆగిపోతుందా? మనకి కావాల్సిన లైబ్రరీలు అందులో ఉన్నాయా, ఉన్నా ఎవరైనా పట్టించుకుంటున్నారా? ఇది నడిచేది ఎక్కడ, క్లౌడ్‌లోనా, నెట్ సరిగ్గా రాని ఊళ్లో 3 జీబీ ర్యామ్ ఫోన్లోనా?

ముందు షరతులు రాసుకుని తర్వాత లాంగ్వేజ్ పేరు ఎత్తితే ఎలా ఉంటుందో చెప్పడానికి 2025 మార్చిలో మైక్రోసాఫ్ట్ చెప్పిన కబురు మంచి ఉదాహరణ. టైప్‌స్క్రిప్ట్ కంపైలర్‌ని గో లోకి తెస్తున్నాం, దాదాపు పది రెట్లు వేగం వస్తోంది అన్నారు. చెప్పింది ఆండర్స్ హేల్స్‌బర్గ్, అంటే సీ షార్ప్ డిజైన్ చేసిన మనిషి. తన సొంత లాంగ్వేజ్ వదిలేసి, అందరూ ఊహించిన రస్ట్ కూడా కాకుండా గో ఎందుకు అంటే, వాళ్లు చేస్తున్నది కొత్తగా రాయడం కాదు, ఉన్న కోడ్‌ని ఫంక్షన్‌కి ఫంక్షన్ తీసుకెళ్లి పెట్టడం. పాత కోడంతా ఎక్కువగా ఫంక్షన్లూ డేటా స్ట్రక్చర్లూ, క్లాసులు తక్కువ, డేటాలో ఒకదాన్నొకటి చూపించుకునే చుట్టుతిరుగుడు లింకులు ఎక్కువ, మెమరీ సంగతి గార్బేజ్ కలెక్టర్ చూసుకుంటుందన్న నమ్మకంతో రాసింది. ఆ షరతులకి గో సరిగ్గా సరిపోయింది. అదే పని మొదట్నుంచీ కొత్తగా రాసుంటే జవాబు వేరే వచ్చేదేమో.

ఫిష్ అనే షెల్ (కమాండ్లు కొట్టుకునే ప్రోగ్రామ్) వాళ్లది ఇంకో దారి. సీ ప్లస్ ప్లస్‌లో ఉన్నదాన్ని 2023లో రస్ట్‌లోకి మార్చడం మొదలెట్టి 2025 ఫిబ్రవరిలో 4.0 వదిలారు. వాళ్లు చెప్పిన కారణాల్లో వేగం పెద్ద విషయమే కాదు, పాత కంపైలర్లతో కుస్తీ, ముందుముందు సీ ప్లస్ ప్లస్ రాయడానికి కొత్తవాళ్లు దొరకరేమో అన్న బెంగ, ఇలాంటివి. వాలంటీర్లతో నడిచే ప్రాజెక్టుకి అది గట్టి కారణమే. జీతాలిచ్చే కంపెనీకి అదే కారణం అంత గట్టిది కాకపోవచ్చు. గమనించాల్సింది ఏంటంటే మొత్తం పక్కన పడేసి మళ్లీ రాయలేదు, షెల్ నడుస్తుండగానే ముక్క ముక్కగా మార్చారు.

రెండు లాంగ్వేజ్‌ల మధ్య తేలకపోతే వాదించడం ఆపి ఒక వారం ట్రయల్ వెయ్యండి. ఒకే చిన్న పనిని ఇద్దరు రెండింట్లోనూ రాయాలి. హలో వరల్డ్ కాదు, దానికి అన్నీ బాగుంటాయి. మన యాప్‌లో అయితే ఒక రైతు పేరు తెలుగులో తీసుకోవడం, సరిచూడడం, డేటాబేస్‌లో పెట్టడం, సీఎస్‌వీగా బయటికి ఇవ్వడం, ఆ ఫైల్ ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పిచ్చి గీతల్లా కాకుండా తెలుగులానే కనబడడం. ఇంత చాలు. అయ్యాక ముఖ్యమైన పని: ఇద్దరి కోడూ తారుమారు చేసి, ఒకరిదాంట్లో ఒక బగ్ పెట్టి ఇంకొకర్ని పట్టుకోమనండి. రాసినవాడికి ప్రతి లాంగ్వేజూ ముద్దే, అవతలివాడి కోడ్ చదవడం ఎంత కష్టమో అదే మనకి కావాల్సిన లెక్క.

తెలుగు పేరు ఎందుకు పెట్టమన్నానంటే లాంగ్వేజ్‌ల తేడా అక్కడే బయటపడుతుంది. "శ్రీనివాసరావు" అన్న పేరు పొడవెంత అని అడగండి. జావాస్క్రిప్ట్ 13 అంటుంది, పైథాన్ కూడా 13 అంటుంది, గో లో మామూలు లెన్ వాడితే 39 అంటుంది, ఎందుకంటే అది బైట్లు లెక్కపెడుతుంది, యూటీఎఫ్ 8లో తెలుగు క్యారెక్టర్ ఒక్కోటీ 3 బైట్లు. చదివేవాడి కంటికి మాత్రం కనబడేవి ఆరు అక్షరాలే. ఇప్పుడు "పేరు 30 దాటకూడదు" అనే రూల్ ఫ్రంటెండ్‌లో జావాస్క్రిప్ట్‌తో, బ్యాకెండ్‌లో గో తో విడివిడిగా రాశారనుకోండి, ఫారంలో ఓకే అయిన శ్రీనివాసరావు గారు సర్వర్ దగ్గర రిజెక్ట్ అయిపోతారు. రామ్ అని టెస్ట్ చేసినంతకాలం ఎవరికీ తెలీదు. గో లో రూన్లు (అంటే యూనికోడ్ క్యారెక్టర్లు) లెక్కపెట్టే ఫంక్షన్ ఉంది, అది వాడితే 13 వస్తుంది, అది వేరే సంగతి. రెండు లాంగ్వేజ్‌లు పెట్టుకుంటే ఇలాంటి రూల్స్ ఒకేచోట రాసి రెండు వైపులా ఒకే టెస్ట్ డేటాతో పరీక్షించాలన్నది ఖర్చులో కలుపుకోండి.

ఉన్న ప్రాజెక్టులోకి రెండో లాంగ్వేజ్ తేవాలంటే ఇంకో ప్రశ్న కూడా రాతలో ఉండాలి: పాత కోడ్ మారినప్పుడు కొత్త లాంగ్వేజ్ వైపు విరిగితే ఎవరు బాగుచెయ్యాలి? లైనక్స్ కెర్నల్‌లో గొడవంతా దీని చుట్టూనే. 2022 డిసెంబర్‌లో వచ్చిన 6.1లో రస్ట్ సపోర్ట్ చేర్చారు, సీ రాసే పాతవాళ్లలో కొందరు మా ఏరియాలోకి ఇది వద్దన్నారు. 2025 ఫిబ్రవరిలో లైనక్స్ పుట్టించిన లినస్ టోర్వాల్డ్స్ చెప్పింది క్లుప్తంగా ఏంటంటే, మీ సీ కోడ్‌లోకి రస్ట్ తీసుకోమని ఎవరూ బలవంతం చెయ్యరు, పట్టించుకోకపోయినా పర్లేదు, కానీ మీ కోడ్‌ని బయట్నుంచి వాడుకునే రస్ట్ కోడ్‌ని ఆపే హక్కు మీకు లేదు. మంచి గీత అది. అయితే 2022లోనే అంత స్పష్టంగా గీసుంటే కొంత రచ్చ తగ్గేదని నా అభిప్రాయం.

తేలాక ఒక పేజీ రాయండి. మైకేల్ నైగార్డ్ 2011లో చెప్పిన ఏడీఆర్ (ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డ్) పద్ధతి ఉంది, పరిస్థితి ఏంటి, ఏం నిర్ణయించాం, దాని పర్యవసానాలేంటి, అంతే. నేను దానికి ఒక లైన్ కలుపుతాను: "ఏం జరిగితే దీన్ని మళ్లీ తెరుస్తాం". ఉదాహరణకి "రోజుకి లక్ష రిక్వెస్టులు దాటితే" లేదా "ఈ లైబ్రరీకి ఏడాదిపాటు అప్‌డేట్ రాకపోతే". ఆ లైన్ లేకపోతే కొత్తగా చేరిన ప్రతివాడూ "ఎందుకు పైథాన్?" అని మొదట్నుంచీ మొదలెడతాడు. ఫైల్ రెపోలోనే పెట్టండి, వాట్సాప్‌లో పెడితే మళ్లీ దొరకదు.

స్టెప్ 3: ఫార్మాటర్ తీసుకోండి, దాని సెట్టింగులు ముట్టుకోకండి

ఇక స్టైల్. ఫార్మాటర్ అంటే కోడ్‌ని ఒకే తీరులో సర్దిపెట్టే టూల్. గో అయితే గోఫ్మట్, రస్ట్ అయితే రస్ట్‌ఫ్మట్, పైథాన్ అయితే బ్లాక్ లేదా రఫ్, జావాస్క్రిప్ట్ అయితే ప్రెట్టియర్, సీ అయితే క్లాంగ్ ఫార్మాట్. డీఫాల్ట్‌గా వాడండి, అంతే స్టెప్.

డీఫాల్ట్ ఎందుకంటే అది అందంగా ఉంటుందని కాదు. గోఫ్మట్‌లో స్టైల్ మార్చుకునే సెట్టింగులే లేవు, ఇండెంటేషన్‌కి ట్యాబ్ పెడుతుంది, నచ్చినా నచ్చకపోయినా. ఫలితంగా గో రాసేవాళ్ల మధ్య ఈ టాపిక్కే చచ్చిపోయింది. 2018లో బ్లాక్ వచ్చినప్పుడు లైన్ పొడవు 88 పెట్టారు, పైథాన్ స్టైల్ గైడ్ పెప్ 8 చెప్పే 79 కాదు, గుండ్రంగా 90 కూడా కాదు, జనం నవ్వుకున్నారు కూడా. కానీ మీరు దాన్ని 100కి మార్చిన రోజున "100 అయితే 110 ఎందుకు కాదు" అనే తలుపు తెరిచినట్టే. 88 మనం పెట్టింది కాదు కాబట్టి దాని మీద మనలో మనకి గొడవ ఉండదు.

లైనక్స్‌లో చూడండి, 80 కాలమ్ అలవాటు దశాబ్దాలుగా ఉంది, 2020లో లినస్ పెద్ద స్క్రీన్ల కాలంలో ఇదేంటని విసుక్కున్నాక చెక్‌ప్యాచ్ అనే తనిఖీ టూల్ వార్నింగ్‌ని 100కి పెంచారు, అయినా 80లోపు రాస్తేనే మేలన్న మాట గైడ్‌లో అలాగే ఉంచారు. అంటే అంత పాత ప్రాజెక్టులో కూడా దీనికి ఒక్క సరైన జవాబంటూ లేదు.

డీఫాల్ట్ మార్చడానికి నేను ఒప్పుకునే కారణం ఒకటుంది. టీములో చూపు తక్కువగా ఉన్నవాళ్లో, బ్రెయిలీ డిస్‌ప్లే వాడేవాళ్లో ఉంటే ట్యాబ్ పెట్టండి. బ్రెయిలీ డిస్‌ప్లేలో ఒక లైన్‌కి ఉండే గడులే తక్కువ, ఒక్కో స్పేసూ ఒక్కో గడి తినేస్తుంది, ట్యాబ్ అయితే ఒక్క గడితో సరి. పెద్ద ఫాంట్ పెట్టుకునేవాళ్లు ట్యాబ్ వెడల్పు తమకి కావాల్సినంత తగ్గించుకోవచ్చు. ప్రెట్టియర్‌లో దీని మీద పెద్ద చర్చే నడిచింది. ఇది "నాకు నచ్చలేదు" కోవలోకి రాదు, పని చేసుకోలేకపోవడం కోవలోకి వస్తుంది.

ఫార్మాటర్ వేరు, లింటర్ వేరు, కలపకండి. ఫార్మాటర్ కనబడే తీరు సర్దుతుంది, లింటర్ తప్పులు పడుతుంది. జావాస్క్రిప్ట్ లింటర్ ఈఎస్‌లింట్ వాళ్లే 2023లో తమ ఫార్మాటింగ్ రూల్స్‌ని పక్కన పెట్టేశారు. లింటర్‌లో మాత్రం డీఫాల్ట్ అని వదిలేయకుండా కూర్చుని ఒక్కో రూల్ చూడండి, ఎందుకంటే అక్కడ స్టైల్‌లా కనబడేవి కొన్ని నిజానికి స్టైల్ కాదు. 2014లో బయటపడిన ఒక బగ్ చూడండి: ఆపిల్ వాళ్ల ఎస్ఎస్ఎల్ (నెట్ కనెక్షన్‌ని భద్రంగా ఉంచే) కోడ్‌లో బ్రేస్‌లు లేని ఒక ఇఫ్ కింద "గోటూ ఫెయిల్" అనే లైన్ పొరపాటున రెండుసార్లు పడింది. ఇండెంటేషన్ చూస్తే రెండోది కూడా ఇఫ్ లోపలే ఉన్నట్టు కనబడుతుంది, కానీ బ్రేస్‌లు లేవు కాబట్టి అది ఎప్పుడూ నడుస్తుంది, దాంతో కింద జరగాల్సిన సంతకం తనిఖీ మొత్తం దాటిపోయింది. కోట్లమంది ఫోన్ల సెక్యూరిటీ ఒక డూప్లికేట్ లైన్ వల్ల పోయింది. తర్వాత 2016లో జీసీసీ 6 కంపైలర్ ఇలా తప్పుదోవ పట్టించే ఇండెంటేషన్‌కి వార్నింగ్ తెచ్చింది. కాబట్టి "ఒక్క లైనైనా సరే బ్రేస్ పెట్టాలి" అనేది నా లెక్కలో సేఫ్టీ రూల్, ఓటుకి పెట్టేది కాదు.

స్టెప్ 4: రెపోలో పెట్టాల్సినవి

గైడ్ డాక్యుమెంట్ ఎంత బాగా రాసినా ఎవరూ చదవరు, ఫైళ్లు మాత్రం పని చేస్తాయి. డాట్ ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైల్ ఒకటి పెట్టండి, వీఎస్ కోడ్ వాడేవాళ్లకీ ఇంటెలీజే వాడేవాళ్లకీ విమ్ వాడే ఆ ఒక్క పెద్దమనిషికీ ఇండెంటేషన్, ఫైల్ చివర కొత్త లైన్ ఒకేలా ఉంటాయి, ఎడిటర్‌కి ప్లగిన్ కావాలంటే వేసుకోవాలి. డాట్ గిట్‌యాట్రిబ్యూట్స్‌లో ముందు స్టార్ పెట్టి టెక్స్ట్ ఈక్వల్స్ ఆటో అని ఒక లైన్ పెట్టండి, లేకపోతే విండోస్ ల్యాప్‌టాప్ నుంచి ఒకరు ఒక్క అక్షరం మార్చి పంపితే లైన్ ఎండింగ్స్ మారి ఫైల్ మొత్తం మారినట్టు డిఫ్ వస్తుంది, రివ్యూ చేసేవాడికి తల తిరుగుతుంది.

ఫార్మాటర్ వెర్షన్‌ని ఖచ్చితంగా బిగించండి. వెర్షన్ మారితే అదే కోడ్ వేరేగా వస్తుంది, క్లాంగ్ ఫార్మాట్‌తో ఇది మరీ ఎక్కువ. బ్లాక్ అయితే తన స్టైల్ మార్పుల్ని ఏడాదికోసారి జనవరి రిలీజ్‌లోనే తెస్తుంది, అది కొంత నయం. నా మెషీన్‌లో ఒకలా, మీ మెషీన్‌లో ఒకలా అయితే ఇద్దరూ ఒకరి కోడ్ ఒకరు మార్చుకుంటూ కూర్చోవడమే.

తర్వాత సీఐలో (కోడ్ పంపిన ప్రతిసారీ సర్వర్ మీద తనంతట తనే నడిచే తనిఖీ) చెక్. కమిట్ (మార్పుల్ని గిట్‌లో నమోదు చెయ్యడం) ముందు నడిచే హుక్ పెట్టుకోవచ్చు గానీ తప్పనిసరి చెయ్యకండి, ఎలాగూ నో వెరిఫై అని కొట్టి దాటేస్తారు, అసలు గేటు సీఐ దగ్గరే. ఒక్క జాగ్రత్త, సీఐ ఫెయిలయినప్పుడు "స్టైల్ తప్పు" అని కాకుండా బాగుచెయ్యడానికి ఏం కొట్టాలో ఆ కమాండ్ చూపించాలి. "మేక్ ఫార్మాట్" అని ఒక్కటి కొడితే రెపోలో ఉన్న అన్ని లాంగ్వేజ్‌లూ సర్దేసేలా పెట్టండి, కొత్తగా వచ్చిన ఇంటర్న్‌కి ఏ టూల్ దేనికో తెలియాల్సిన పనుండదు.

స్టెప్ 5: పాత కోడ్ మొత్తాన్ని ఒకే దెబ్బకి మార్చడం

జనం భయపడేది ఇక్కడే, సరిగ్గా చెయ్యకపోతే భయపడాల్సిందే. కొందరు "ముట్టుకున్న ఫైలే సర్దుదాం, మెల్లిగా అయిపోతుంది" అంటారు. అవ్వదు. ప్రతి పుల్ రిక్వెస్ట్‌లోనూ (మార్పులు కలపమని పంపేది) అసలు మార్పు మూడు లైన్లు, ఫార్మాటింగ్ మార్పు మూడొందల లైన్లు ఉండి బగ్గులు దాని వెనక దాక్కుంటాయి. ఒకేరోజు చెయ్యండి, కానీ ఆ రోజు ఎప్పుడో చూసుకుని చెయ్యండి. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో వాళ్లు బ్లాక్ వాడదామని 2019లోనే నిర్ణయించి, బ్లాక్ బీటా దాటి స్టేబుల్ అయ్యేదాకా ఆగి, 2022 జనవరిలో అది వచ్చాక ఫిబ్రవరిలో మొత్తం కోడ్ మార్చారు. మనకి అన్నేళ్లు అక్కర్లేదు గానీ రిలీజ్ ముందు రోజు మాత్రం వద్దు, పండగ సెలవుల ముందు మంచి టైమ్, ఓపెన్ బ్రాంచ్‌లు తక్కువ ఉంటాయి.

వరస ఇది. మొదటి కమిట్‌లో కాన్ఫిగ్ ఫైళ్లు మాత్రమే పెట్టండి. రెండో కమిట్‌లో ఫార్మాటర్ చేసిన మార్పులు మాత్రమే, చేత్తో ఒక్క కామా కూడా మార్చకూడదు. అలా ఉంటే ఎవరైనా అదే వెర్షన్ నడిపి అదే ఫలితం వస్తుందో లేదో చూసుకోవచ్చు, వేల లైన్ల డిఫ్‌ని కళ్లతో చదవక్కర్లేదు. ఇంపోర్ట్‌లూ ఇంక్లూడ్‌లూ వరస మార్చే ఆప్షన్ని మొదట ఆపేయండి. క్లాంగ్ ఫార్మాట్ ఎల్‌ఎల్‌వీఎం స్టైల్‌లో ఇంక్లూడ్‌లని సర్దేస్తుంది, ఒక హెడర్ ఇంకోదానికి ముందే రావాలన్న చోట బిల్డ్ విరుగుతుంది, పైథాన్‌లో కూడా ఇంపోర్ట్ చేయగానే ఏదో పని చేసేసే మాడ్యూల్స్ ఉంటాయి. అది తర్వాత విడిగా చూసుకోవచ్చు.

గిట్ బ్లేమ్ (ఏ లైన్ ఎవరు మార్చారో చూపే కమాండ్) పాడైపోతుంది, ప్రతి లైన్ మీదా నీ పేరే వస్తుంది అని ఒకరు తప్పకుండా అంటారు, అది సరైన అభ్యంతరమే, దానికి సరైన జవాబు కూడా ఉంది. 2019 ఆగస్టులో వచ్చిన గిట్ 2.23 నుంచి కొన్ని కమిట్లని బ్లేమ్‌లో దాటేయమని చెప్పొచ్చు. డాట్ గిట్ బ్లేమ్ ఇగ్నోర్ రెవ్స్ అనే పేరుతో, మాటల మధ్య హైఫన్లు పెట్టి, రెపో మొదట్లో ఒక ఫైల్ పెట్టి అందులో ఆ కమిట్ హ్యాష్ (గుర్తింపు కోడ్) రాయండి. పూర్తి హ్యాష్ రాయాలి, ఏడక్షరాల పొట్టిది పనికిరాదు. గిట్‌హబ్ ఆ పేరున్న ఫైల్ని తనంతట తనే చదువుతుంది, మన మెషీన్‌లో మాత్రం గిట్ కాన్ఫిగ్‌లో చెప్పాలి, అదీ ఆ రెపో వరకే చెప్పండి, గ్లోబల్‌గా పెడితే ఆ ఫైల్ లేని వేరే రెపోల్లో బ్లేమ్ కొట్టినప్పుడల్లా ఎర్రర్ వస్తుంది. ఇంకోటి, పుల్ రిక్వెస్ట్‌ని స్క్వాష్ చేసి (కమిట్లన్నీ ఒకటిగా చేసి) మెర్జ్ చేసే అలవాటుంటే హ్యాష్ మారిపోతుంది, పైగా కాన్ఫిగ్ కమిట్, ఫార్మాట్ కమిట్ రెండూ కలిసిపోతాయి. అందుకని వాటిని రెండు పుల్ రిక్వెస్ట్‌లుగా పంపి, మెర్జ్ అయ్యాక మెయిన్‌లో కనబడే హ్యాష్‌ని మూడో కమిట్‌లో ఆ ఫైల్లోకి ఎక్కించండి.

ఓపెన్ బ్రాంచ్ ఉన్నవాళ్ల సంగతి. డల్లాస్‌లో ఒకాయన రెండు వారాలుగా పెద్ద ఫీచర్ మీద ఉన్నాడు, పొద్దున లేచి మెయిన్ తీసుకుంటే వందల కాన్‌ఫ్లిక్ట్‌లు. అలా కాకుండా, ముందు ఫార్మాట్ కమిట్‌కి సరిగ్గా ఒకటి ముందున్న కమిట్‌ని తన బ్రాంచ్‌లోకి మెర్జ్ చేసుకోవాలి, కాన్ఫిగ్ ఫైళ్లు దాంతోపాటే వచ్చేస్తాయి, నిజమైన కాన్‌ఫ్లిక్ట్‌లు ఉంటే ఇక్కడే తేలతాయి. తర్వాత తన బ్రాంచ్ మీద ఫార్మాటర్ నడిపి కమిట్ చెయ్యాలి. ఆ తర్వాత ఫార్మాట్ కమిట్‌ని అవర్స్ స్ట్రాటజీతో మెర్జ్ చెయ్యాలి, అంటే చరిత్రలో కలుపుకుంటాం గానీ కంటెంట్ మాత్రం మనదే ఉంచుకుంటాం, ఎలాగూ మనదీ ఫార్మాట్ అయిపోయింది కాబట్టి పోయేదేమీ లేదు. చివరికి మామూలుగా మెయిన్ మెర్జ్. ఈ నాలుగు కమాండ్లూ ముందురోజే గ్రూపులో పెట్టి పిన్ చెయ్యండి.

స్టెప్ 6: పేర్లూ, కామెంట్లూ

మెషీన్ ఇంతవరకే. ఇక్కడ నుంచి మనుషులు కూర్చోవాల్సిందే, ఆ వారానికి ఒక గంట దీనికే దాచమన్నది.

మన యాప్‌లో ఒకే రికార్డుని తెలంగాణ వైపు పహాణీ అంటారు, ఆంధ్ర వైపు అడంగల్ అంటారు. హైదరాబాద్ డెవలపర్ పహాణీ అని టేబుల్ పెడతాడు, విజయవాడ డెవలపర్ అడంగల్ అని ఇంకో క్లాస్ రాస్తుంది, డల్లాస్ వాళ్లు ల్యాండ్ రికార్డ్ అని మూడోది రాస్తారు. పహాణీనే ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకరు రెండు ఏలతో, ఒకరు మూడు ఏలతో రాస్తారు, వెతికితే సగమే దొరుకుతుంది. అందుకే రెపోలో ఒక పదకోశం ఫైల్ పెట్టి, ఒక్కో విషయానికి ఒక్క పేరు, ఒక్క స్పెల్లింగ్ అని రాసుకోండి, స్క్రీన్ మీద ఏ జిల్లా వాళ్లకి ఏ మాట చూపించాలన్నది వేరే సంగతి.

అంతకన్నా ప్రమాదం విస్తీర్ణం దగ్గర ఉంది. తెలంగాణ రికార్డులో 2.20 అని ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు, ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. ఆంధ్ర రికార్డులో 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు, ఎకరానికి 100 సెంట్లు కాబట్టి రెండెకరాలూ, పైన ఇంకో ఎకరంలో అయిదో వంతూ. అదే అంకె, 30 సెంట్ల తేడా. వేరియబుల్‌కి "ఏరియా" అని పేరు పెట్టి దశాంశ సంఖ్యగా దాచుకున్నారంటే ఏదో ఒకరోజు ఎవరో రెండూ కూడేస్తారు. పేరులోనే యూనిట్ ఉండాలి, గుంటల్లో ఎన్ని, సెంట్లలో ఎన్ని అని పూర్ణాంకంగా దాచాలి. బ్రేస్ ఏ లైన్లో ఉందన్నదాని మీద పెట్టే గంటని దీని మీద పెట్టండి.

కామెంట్లు ఏ భాషలో అన్నది కూడా తేల్చుకోవాలి. పెప్ 8 ఏమంటుందంటే, మీ భాష రాని వాళ్లెవరూ ఈ కోడ్ ఎప్పటికీ చదవరని 120 శాతం నమ్మకం ఉంటే తప్ప ఇంగ్లిష్‌లోనే రాయండి అని. నేను కూడా కోడ్ పక్కన కామెంట్లు చిన్న చిన్న ఇంగ్లిష్ మాటల్లోనే రాయమంటాను, రేపు ఏ ఒడిశా అమ్మాయో టీములో చేరొచ్చు. కానీ 2.20 కథలాంటివి, అంటే రెవెన్యూ రికార్డులు ఎలా పనిచేస్తాయో చెప్పే డాక్యుమెంట్లు తెలుగులో, తెలుగు లిపిలో రాస్తేనే మేలు, దాన్ని సరిచూసేది ఊళ్లో రికార్డులు తెలిసినవాళ్లు కాబట్టి. వద్దనేది ఒక్కటే, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కామెంట్లు. చాట్‌లో ఎంతైనా రాసుకోండి, కోడ్‌లో వద్దు, ఒక్కొక్కరిదీ ఒక్కో స్పెల్లింగ్, ఇటు వెతకడానికీ పనికిరాదు అటు తెలుగు రానివాళ్లకీ పనికిరాదు.

స్టెప్ 7: రివ్యూలో

ఒకే రూల్, మెషీన్ పట్టగలిగింది మనిషి చెప్పకూడదు. ఇక్కడ స్పేస్ ఎక్కువైంది అని ఎవరైనా కామెంట్ పెడితే దానర్థం రాసినవాడి తప్పని కాదు, సీఐలో చెక్ లేదని, అది ఒక టికెట్ పెట్టి వదిలేయండి. మిగిలినవాటిలో తప్పనిసరి ఏది, ఊరికే అన్నది ఏది అని కామెంట్ మొదట్లోనే రాయాలి. "అన్నా, ఇది తప్పనిసరి: విస్తీర్ణం సెంట్లలో వస్తోంది, ఇక్కడ గుంటలనుకుని కూడుతున్నాం" అని ఒకటి, "ఊరికే: ఈ ఫంక్షన్ రెండు పనులు చేస్తోంది, మీకు వీలైతే విడదీయండి" అని ఒకటి. జూనియర్లు సీనియర్ల కోడ్ మీద అడగడానికి మొహమాటపడతారు, "మేడం మీకు తెలియంది కాదు గానీ" అని మొదలెట్టి అసలు విషయం చెప్పకుండానే అప్రూవ్ కొట్టేస్తారు. ఈ రెండు ముక్కలు ముందే నిర్ణయమైపోయి ఉంటే వాళ్లకి పని సులువు. "ఊరికే" అన్న కామెంట్‌కి రాసినవాళ్లు "ఇప్పుడు వద్దు" అంటే అక్కడితో అయిపోయింది, రెండో రౌండ్ లేదు.

స్టెప్ 8: రూల్స్ తీసేయడం

ఆరు నెలలకోసారి ఒక వెతుకులాట చెయ్యండి: లింటర్ రూల్‌ని ఆపేయమని కోడ్‌లో పెట్టిన కామెంట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్క తీయండి. ఒకే రూల్‌ని పది పదిహేను చోట్ల, అదీ వేరువేరు మనుషులు ఆపేసి ఉంటే రూలే మనకి సరిపోలేదన్నమాట, తీసేయండి. ఒకే మనిషి అన్నిచోట్లా ఆపేసి ఉంటే ఆ మనిషితో మాట్లాడండి. ఫార్మాటర్‌ని ఆపేసిన చోట్లు వేరు, మ్యాట్రిక్స్‌లాగా చేత్తో వరసగా పేర్చిన టేబుళ్లు, జిల్లా కోడ్‌ల లిస్టు లాంటివి ఉంటాయి, అవి అలాగే ఉండనివ్వండి, పక్కన ఎందుకో ఒక్క లైన్ రాసుంటే చాలు. ఫార్మాటర్ వెర్షన్ పెంచేది కూడా ఈ రోజే, దాని వల్ల మారిన లైన్లన్నీ ఒక విడి కమిట్‌లో, ఆ హ్యాష్ మళ్లీ ఆ ఇగ్నోర్ ఫైల్లోకి.